నీళ్లొచ్చాయన్న కబురు

పేర్రాజు గుండెలో ఎడమ పక్కన బొటనవేలి గోరంత ముక్క చావలేదు. అలాగని కొట్టుకోవడమూ లేదు.

సూర్యకళ రెండు తెరలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. మొదటి తెర మీద ఆ ముక్క చక్కెర పీల్చుకుని వెలుగుతోంది. చచ్చిన కండరం చక్కెర తీసుకోదు కాబట్టి అది బతికే ఉంది. రెండో తెర మీద గుండె గోడలు ముడుచుకుంటున్నాయి, విచ్చుకుంటున్నాయి. ఆ ముక్క దగ్గర మాత్రం కదలిక లేదు. గుండెపోటు తగిలిన కండరం కొన్నాళ్లు మొద్దుబారి ఉండటం, నెత్తురు అందాక మళ్లీ కదలడం ఆమె చాలాసార్లు చూసింది. పేర్రాజుకు పోటు వచ్చి నాలుగు నెలలైంది. మూసుకుపోయిన రక్తనాళాన్ని ఆ రోజే తెరిచారు. నెత్తురు అందుతూనే ఉంది. మొద్దు విడవలేదు.

బయట బెంచీ మీద పేర్రాజు పక్కనున్న ముసలాయనకు తను కడుతున్న పడవ గురించి చెబుతున్నాడు. తాళ్లరేవు దగ్గర గోదావరి పాయ ఒడ్డున చెక్క పడవలు కట్టే వడ్రంగి అతను. వయసు యాభై ఆరు. భార్య నూకరత్నం స్టీలు క్యారియరు ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. సూర్యకళ పిలవగానే ఇద్దరూ లేచి వచ్చారు. సూర్యకళ డాక్టరు కాదు, కాకినాడలో ఆ ఆసుపత్రి వెనక ఉన్న పరిశోధన విభాగంలో శాస్త్రవేత్త. పేషెంట్లందరూ డాక్టరమ్మ అనే అంటారు. దిద్దడం ఆమె ఎప్పుడో మానేసింది.

నొప్పి ఉందా అంటే లేదన్నాడు పేర్రాజు. ఆయాసం ఉందా అంటే లేదన్నాడు. రాత్రిళ్లు పడుకోగలుగుతున్నారా అంటే, పక్కవాళ్లు పడుకోలేనంతగా పడుకుంటున్నానన్నాడు. నూకరత్నం అందుకుంది.

"నెప్పీ లేదు, ఆయాసం లేదు, గెడ్డం కూడా లేదండి. మీ మందు ఎక్కించిన కాడ్నించీ గెడ్డం గీసుకోటం మానేసేడండి."

"నేను మానెయ్యలేదే. మొలవటం అదే మానేసింది," అన్నాడు పేర్రాజు. "మా ఊళ్లో సెలూన్ అప్పన్న నాతో మాటాడ్డం లేదండి. ఏరే సోట గీయించుకుంటన్నానని అనుమానం."

సూర్యకళ నవ్వింది. నవ్వాక అతని దవడ వైపు చూసింది. గడ్డం గీసిన ఛాయ కూడా లేదు. ఆ తర్వాత చూపు అతని కుడిచేతి బొటనవేలి మీద పడింది. అడ్డంగా గాటు ఉంది. ఎప్పుడు తెగిందని అడిగితే ఉగాది వెళ్లాక ఉలి తగిలిందన్నాడు. ఇప్పుడు ఆషాఢం వచ్చింది. గాటుకు చీము పట్టలేదు, పొక్కు కట్టలేదు, అంచులు దగ్గరికి రాలేదు. ఆ పొద్దుటే తెగినట్టుంది. నెత్తురు ఒక్కటే లేదు.

వారం తర్వాత మళ్లీ రమ్మని చెప్పి పంపింది. తనేం చూసిందో ఆమెకే అర్థం కాలేదు.

*

ఆ మందుకు లాబులో పెట్టుకున్న పేరు నిలకడ. పేరు పెట్టింది విభాగానికి డైరెక్టరూ గుండె వైద్యుడూ అయిన భావనారాయణ గారు. కనిపెట్టింది సూర్యకళ. అది కొర్రమీను గుండెలో దొరికింది.

చెరువు ఎండిపోయినప్పుడు కొర్రమీను బురదలోకి దూరి పడుకుంటుంది. పైన మట్టి నెర్రెలు విచ్చుతుంది. లోపల చేప గుండెకు నెత్తురు చాలదు, గాలి చాలదు. మనిషి గుండె అయితే ఆ స్థితిలో గంటల్లో కుళ్లడం మొదలవుతుంది. చేప గుండె వానలు పడేదాకా ఉంటుంది. ఎలా ఉంటుందో చూడాలని సూర్యకళ ఆరేళ్లు ఆ బురద వెంట తిరిగింది.

కణంలో ఏ పని జరగాలన్నా లోపల ఒక హుకుం బయల్దేరాలి. ఆ హుకుం మీద వాలి దాన్ని చదవనివ్వకుండా చేసే చిన్న పోగును మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటారు. మనిషి కణాల్లోనూ అలాంటివి వందల రకాలున్నాయి. కొర్రమీను గుండెలో ఉన్న ఒక పోగు, ఇక చావమనే హుకుం మీదే వాలుతుంది. సూర్యకళ దాన్ని కొవ్వు బుడగల్లో పెట్టి, గాజు పళ్లెంలో పెంచిన మనిషి గుండెకణాల మీద పోసింది. కణాలకు ఆక్సిజన్ ఆపి, మళ్లీ ఇచ్చింది. ఆపినప్పటికంటే మళ్లీ ఇచ్చినప్పుడే కణాలు ఎక్కువగా చస్తాయి. గుండెపోటులో మూసుకున్న నాళం తెరిచినప్పుడు జరిగేదీ అదే. పోగు పోసిన పళ్లెంలో కణాలు చావలేదు. తర్వాత ఎలుకలు బతికాయి, పందులు బతికాయి, మనుషులకు ఇచ్చి చూడటానికి అనుమతి వచ్చింది. నాళం తెరిచాక ఆరు గంటల్లోపు ఇవ్వాలన్నది రూలు. పేషెంటుకు స్పృహ లేకపోతే ఇంటివాళ్ల సంతకం తీసుకోవాలి. చాలామంది కోలుకుని ఇళ్లకు వెళ్లారు. కొందరు మందు ఇచ్చినా పోయారు. ఉండీ లేనట్టున్న ముక్కతో తిరిగి వచ్చినవాడు పేర్రాజు ఒక్కడే.

వారం తర్వాత తీసిన స్కానులో గోరంత ముక్క రూపాయి బిళ్లంత అయింది.

భావనారాయణ గారు యంత్రాన్ని అనుమానించారు. ఇంకో యంత్రం మీద తీయించారు. అదీ రూపాయి బిళ్లే చూపించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, పెరిగిందంటే మంచికా చెడుకా అని సూర్యకళను అడిగారు. ఆమె ఆయన్ను అడుగుదామనుకున్న ప్రశ్న అది.

పేర్రాజు నెత్తుటిలోంచి తీసిన తేటను ఆమె ఒక పళ్లెంలో కణాల మీద చుక్కలుగా వేసింది. పళ్లెం నిండా కణాలు కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చేసరికి చుక్క పడినచోట ఆగిపోయాయి. చచ్చాయేమోనని రంగు వేసి చూసింది. చావలేదు. సాయంత్రానికి వాటి పక్కనున్నవీ ఆగాయి. ఆగిన కణాలు అదే పోగును బుడగల్లో పెట్టి బయటికి వదులుతున్నాయి. ఆగమన్న మాట పక్కవాటికి అందుతోంది.

గుండెలోంచి నెత్తుటిలోకి, నెత్తుటిలోంచి గడ్డం కుదుళ్లకూ బొటనవేలికీ వెళ్లింది ఆ మాటేనని ఆమెకు అప్పుడు తెలిసింది. ఈ లెక్కన వినాయక చవితి వచ్చేసరికి పేర్రాజు గుండెలో కొట్టుకునే భాగం అతని ఒంటికి చాలదు. నొప్పి ఉండదు. ఆయాసం కూడా రాకముందే గుండె ఆగిపోవచ్చు. ఆ పూటకీ అతను సుత్తి పట్టుకునే ఉంటాడు.

ఇతనికే ఎందుకు ఇలా జరిగిందన్నది తెలియలేదు. అదే సీసాలోంచి తీసిన మందు అదే రోజు ఇంకొకరికీ ఇచ్చారు. ఆయన రోజూ పొద్దున నడకకు వెళుతున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు. సూర్యకళ వార్డుకు వెళ్లి, పేర్రాజుకు మందు ఎక్కించిన నర్సు సలోమిని ఆ రోజు ఏమైనా తేడాగా జరిగిందా అని అడిగింది.

"ఏం తేడా లేదండి మేడం. అందరికీ ఎక్కించినట్టే ఎక్కించేం. కాకపోతే ఆయనకి రాహుకాలం దాటేక ఎక్కించేం."

సూర్యకళ స్టూలు లాక్కుని కూర్చుంది. సలోమి చెప్పింది: అది శుక్రవారం. పేర్రాజు పడవ పనిలో పడిపోతే తోటివాళ్లు ఆటోలో వేసుకొచ్చారు. వెంటనే నాళం తెరిచారు. పదిన్నరకు నూకరత్నం వచ్చింది. కొత్త మందని విని, సంతకం పన్నెండు దాటాక పెడతానంది. కొత్తది ఏదీ రాహుకాలంలో మొదలెట్టకూడదంది. సంతకం లేకుండా ఎక్కించకూడదు కదా. భావనారాయణ గారిని అడిగితే, ఆరు గంటలు టైముంది, పోనీలెమ్మన్నారు. సంచీ స్టాండుకు తగిలించే ఉంచారు. పన్నెండు దాటాక ఆవిడ కలం అందుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరడగలేదు గదండి. రూలు కూడా దాటలేదు." సలోమి మళ్లీ అంది: "మాకు రాహుకాలాలు లేవండి మేడం. మా పాస్టరు గారు వింటే తిడతారు. పేషెంటోళ్లకి ఉంటాయి గదండి."

సూర్యకళకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. లాబులో ఫ్రీజరు కొన్నప్పుడు మంచి గడియ వచ్చేదాకా దాని ప్లగ్గు పెట్టనివ్వలేదు భావనారాయణ గారు. మైక్రోస్కోపుకు కుంకుమ బొట్టు ఆయనే పెట్టారు. కుంకుమ పళ్లెం పట్టుకున్నది సూర్యకళ.

*

ఎలుకల్లో ఆ శుక్రవారాన్ని ఆమె మళ్లీ జరిపించింది. నాళం కట్టి, విప్పి, కొన్నింటికి వెంటనే, కొన్నింటికి గంటన్నర ఆగి నిలకడ ఇచ్చింది. వెంటనే ఇచ్చినవాటిలో కణాలు చావమన్న హుకుం చదవకముందే పోగు వచ్చి వాలింది. ఆగి ఇచ్చినవాటిలో కణాలు హుకుం చదివేశాయి, సామాను సర్దుకోవడం మొదలుపెట్టాయి, అప్పుడు పోగు వచ్చి ఎక్కడివాటిని అక్కడ ఆపింది. ఆ ఎలుకల గుండెల్లో పేర్రాజు ముక్కలాంటి ముక్కలే ఉన్నాయి. మీసాలు కత్తిరిస్తే మళ్లీ మొలవలేదు.

ఇంతవరకూ తిన్నగానే ఉంది. కానీ పోటు పెద్దదైన ఎలుకల్ని విడిగా తీసి చూస్తే, వెంటనే మందు ఇచ్చినవాటిలో కొన్ని ఆ రోజే గుండె లయ తప్పి చచ్చిపోయాయి. గంటన్నర ఆగి ఇచ్చినవాటిలో ఒక్కటీ ఆ రోజు చావలేదు. పేర్రాజుకు వచ్చింది పెద్ద పోటు.

భావనారాయణ గారు ఆ ఫలితాలు చూసి అడిగారు.

"అయితే ఆవిడ ఆపడం వల్ల ఇలా అయ్యాడా, ఆవిడ ఆపడం వల్ల బతికాడా?"

"రెండూ అయ్యుండొచ్చండి. రెండూ కాకపోయుండొచ్చు."

"ఆవిడకి చెప్పకమ్మా," అన్నారు ఆయన. "మనకే తెలియనిది ఆవిడకి ఏమని చెబుతావు?"

ఆ మాటకు ఒప్పుకుందో లేదో సూర్యకళకే తెలియదు. వేరే సంగతి ఒకటి తట్టి, దాని వెంట పడింది. బురదలో పడుకున్న కొర్రమీను వానాకాలానికి లేస్తుంది. లేవకపోతే అది పడుకోవడం అనిపించుకోదు. ఆగమన్న మాట ఒకటి ఉంటే నీళ్లొచ్చాయన్న మాట ఇంకొకటి ఉండాలి. ఆమె మొదటిది తెచ్చి మనుషులకిచ్చింది. రెండోది ఉందా అని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. చావకుండా చూడటమే పని అనుకున్నారు.

తొట్టెల్లో ఎండిన బురదలో ఉన్న చేపల మీద నీళ్లు పోయించి, అవి కదలడం మొదలెట్టేలోగా వాటి గుండెల్లో వెతికింది. దొరికింది. ఇంకో పోగు. మొదటిది ఎక్కడ వాలిందో అక్కడికి వెళ్లి దాన్ని లేపేస్తుంది. ఆగిన కణాలున్న పళ్లెంలో పోస్తే దాదాపు సగం కణాలు కొట్టుకోవడం మొదలెట్టాయి. మిగతా సగం, మధ్యలో ఆపిన చావును పూర్తి చేశాయి. ఏది లేస్తుంది, ఏది పోతుంది అన్నది ముందుగా చూసి చెప్పే దారి దొరకలేదు. ఎలుకలకిస్తే కొన్నింటికి మీసాలు మొలిచాయి. కొన్ని ఆ పూటే పోయాయి.

పేర్రాజు గుండెలో ఆగిన ముక్క ఇప్పుడు గోడలో పావు వంతుంది.

*

తాళ్లరేవు దగ్గర పాయ ఒడ్డున పడవ ఒరిగి ఉంది. పేర్రాజు దాని కిందకి దూరి, నీళ్లు చొరకుండా చెక్కల సందుల్లో నూలు పెట్టి ఉలితో బిగిస్తున్నాడు. సుత్తి దెబ్బలు తప్పడం లేదు. సూర్యకళను చూసి లేచి పంచె దులుపుకున్నాడు. నూకరత్నం పనివాళ్లకు వండే గాడిపొయ్యి దగ్గర్నించి వచ్చి, స్టూలు వేసి, గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది.

సూర్యకళ ఉన్నదున్నట్టు చెప్పింది. కొంత ముక్క ఆగి ఉందని, పెరుగుతోందని, దాన్ని లేపే మందు ఒకటి తయారైందని, సగం లేచి సగం పోతుందని, ఎక్కువ పోతే గుండె అక్కడే ఆగవచ్చని, ఇవ్వకపోతే చవితి దాటదని.

పేర్రాజు విన్నాడు. పడవ వైపు చూశాడు. పున్నమి పోటు నీళ్లకు దాన్ని పాయలోకి దింపాలి, ఆ తర్వాత చూద్దామన్నాడు.

"నాకేటీ లేదండి. బాగున్నోడికి మందేటండి?"

సంచీలోంచి అరచేతిలో పట్టే స్కాను యంత్రం తీసి, అతని రొమ్ము మీద పెట్టి, ఫోనులో చూపించింది సూర్యకళ. గుండె కనబడింది. ఒక పక్క గోడ ముడుచుకుంటోంది. ఇంకో పక్క గోడ, పక్కది లాగితే ఊగుతోంది తప్ప తనంతట తాను కదలడం లేదు. పేర్రాజు ఫోనును దగ్గరికి లాక్కుని చూశాడు. నూకరత్నం అతని భుజం మీంచి వంగింది.

"ఇది ఈయన్దేనాండి?"

సూర్యకళ అవునంది. నూకరత్నం తలెత్తి, మిగతావాళ్లకు బాగానే పనిచేసిన మందు ఈయనకెందుకు ఇలా అయిందని అడిగింది. సూర్యకళ మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. డైరెక్టరు గారి మాట గుర్తుంది. ఎదురుగా మనిషి అడుగుతోంది.

"మందు గంటన్నర ఆలస్యంగా ఎక్కింది," అంది.

"నేనే గదండి ఆపింది."

"అవునమ్మా."

"నేనాపినందుకే ఇలాగయ్యిందా?"

"తెలీదు. ఆపకపోతే ఆ రోజే పోయేవారేమో, అదీ తెలీదు. ఎలుకల్లో రెండు రకాలుగానూ జరిగింది."

నూకరత్నం చీర కొంగు నడుముకు దోపుకుంది. మళ్లీ తీసింది.

"ఏదో ఒకటి సెప్పండమ్మా. నావల్లే అని తిట్టండి, పడతాను. నేనే బతికిచ్చేనంటే దణ్ణం పెట్టుకుంటాను. తెలవదంటే నేనేటి సేసుకోను?"

పేర్రాజు ఫోను తిరిగి ఇచ్చేసి, ఎండ ముదరకుండా బయల్దేరమని ఆమెకు చెప్పి, పడవ కిందకి దూరాడు. సుత్తి మళ్లీ మొదలైంది. రోడ్డు ఎక్కేదాకా ఆ చప్పుడు ఆమెకు వినబడింది. లయ తప్పకుండా పడుతున్న దెబ్బల్ని ఆ గుండె ఎలా కొట్టిస్తోందో ఆమెకు అంతుపట్టలేదు.

పున్నమికి ముందే పేర్రాజు తనంతట తాను ఆసుపత్రికి వచ్చాడు. నూలు పని అయిపోయిందని, తారు పూయడం మిగతావాళ్లు చూసుకుంటారని చెప్పాడు. ఎందుకు మనసు మార్చుకున్నారని అడిగితే వెంటనే చెప్పలేదు. నూకరత్నం మంచినీళ్లు పట్టుకురావడానికి వెళ్లాక చెప్పాడు.

"ఇది నిద్రోటం లేదండి. నా గుండెల మీద సెయ్యేసుకుని కూకుంటంది. ఏటే అంటే, ఆగిపోద్దేమో సూత్తన్నానంటది. నాకు నెప్పి లేదు. దానికుంది."

*

మంగళవారం పెట్టుకున్నారు. భావనారాయణ గారు ఎవరికీ చెప్పకుండా మధ్యాహ్నం రెండు గంటలకని రాశారు. మంగళవారం రాహుకాలం మూడింటికి మొదలవుతుందని ఆయనకు తెలుసు. కానీ ఫ్రీజరులోంచి తీసిన మందు కరగడానికి అనుకున్నదానికంటే ఎక్కువసేపు పట్టింది. గుండె లయ తప్పితే షాకు ఇచ్చే యంత్రాన్ని పక్క వార్డువాళ్లు తీసుకెళ్లి ఆలస్యంగా తెచ్చారు. అన్నీ అమరేసరికి గోడ గడియారంలో మూడు దాటింది.

పేర్రాజు మంచం మీద పడుకుని ఉన్నాడు. సలోమి సంచీ తగిలించి, గొట్టం కలిపి, మందు వదిలే చక్రం మీద వేలు పెట్టింది. తిప్పలేదు. నూకరత్నం వైపు చూసింది. భావనారాయణ గారు ఫ్యాను వైపు చూస్తున్నారు. సూర్యకళ గడియారం వైపు చూసింది. తనూ ఆగి ఉందని అప్పుడు గుర్తించింది. కరిగిన మందు సాయంత్రం దాకా పాడవదు. గంటన్నర ఆగితే నష్టమని చెప్పే ఎలుక లేదు, లాభమని చెప్పే ఎలుకా లేదు. ఈ ఆలస్యాన్ని ఎవరూ ఏ ఎలుక మీదా చూడలేదు.

అందరూ తన మాట కోసమే ఆగారని నూకరత్నానికి అర్థమైంది.

"ఆగితే మంచిదా, ఆగకపోతే మంచిదాండి?" అని సూర్యకళను అడిగింది.

"తెలీదమ్మా."

నూకరత్నం తల ఊపింది. ఈసారి ఆ మాటకు ఆమె ఆశ్చర్యపోలేదు.

"ఆ రోజు ఈయనికి తెలివి లేదు. నేను సెప్పేను. ఇయ్యాల తెలివిగానే ఉన్నాడు గదండి. ఈయన్నే అడగండి."

"ఏం, ఆగమంటావా?" అన్నాడు పేర్రాజు భార్యతో.

"నేననను."

"ఒకపాలి నువ్వాపితే నాలుగైదు నెల్లు ఆగిపోయేను. మళ్లీ ఆపుతావేటే?"

నూకరత్నం నవ్వలేదు. నవ్వబోయి, పెదవి కొరుక్కుంది. పేర్రాజు సలోమి వైపు తల తిప్పి, చక్రం తిప్పమన్నాడు. సలోమి చక్రం తిప్పింది. నూకరత్నం కుర్చీని గడియారానికి వీపు పెట్టి వేసుకుని కూర్చుంది.

కొంతసేపు ఏమీ జరగలేదు. పేర్రాజు పడవ గురించి భావనారాయణ గారికి చెబుతున్నాడు, పై పూతకు ఏ తారు మంచిదో. చెబుతూ చెబుతూ ఆపి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"నెప్పండి," అన్నాడు.

నాలుగైదు నెలల్లో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. కణాలు లేస్తుంటే నొప్పి వస్తుందా, పోతుంటే వస్తుందా అన్నది సూర్యకళకు తెలియదు. తెర మీద చూసింది. ఆగిన గోడ ఒక అంచున వణుకుతోంది. ఇంకో అంచు నల్లబడుతోంది. ఒక చోట కదలిక వచ్చి, ఆగి, మళ్లీ వచ్చింది. ఏది గెలుస్తోందో చూద్దామని తెరకు దగ్గరగా వెళ్లింది, దగ్గరగా వెళ్లినకొద్దీ చుక్కలు తప్ప ఏమీ కనబడలేదు. లయ తప్పింది. భావనారాయణ గారు షాకు ఇచ్చారు. లయ వచ్చింది. మళ్లీ తప్పింది. మళ్లీ ఇచ్చారు. నూకరత్నాన్ని బయటికి వెళ్లమన్నారు. ఆమె వెళ్లలేదు. పేర్రాజు పాదం పట్టుకుని ఉంటే షాకు తగులుతుందని సలోమి అరిస్తే వదిలింది, ఇచ్చాక మళ్లీ పట్టుకుంది.

చీకటి పడేవేళకు నొప్పి తగ్గింది. పేర్రాజు నిద్రపోయాడు.

మర్నాటి స్కానులో ఆగిన ముక్క లేదు. అందులో సగానికి కొంచెం తక్కువ భాగం కొట్టుకుంటోంది. మిగతాది మచ్చ అవుతుంది. పక్క కణాలకు ఆగమని చెప్పేది ఇక ఏదీ లేదు కాబట్టి అది పెరగదు. కానీ పోయిన భాగం పట్టు వదిలి, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఉబ్బుతోంది. గుండె పంపే నెత్తురు సోమవారం కంటే మంగళవారం తర్వాత తగ్గింది. భావనారాయణ గారు ఆ అంకెను రెండుసార్లు చదివి, మనం బాగు చేశామా పాడు చేశామా అన్నారు. చవితి దాటతాడని సూర్యకళ అంది. ఆ తర్వాత ఎంతకాలం అంటే తెలియదంది. పేర్రాజు ఇక పడవ కింద దూరి సుత్తి ఎత్తలేడన్నది ఇద్దరికీ తెలుసు.

పున్నమి నాడు పోటు మీద పడవను తోటివాళ్లు నీళ్లలోకి దింపారు. పేర్రాజు ఆసుపత్రి మంచం మీదనుంచి ఫోనులో చూశాడు. నీళ్లు ఎక్కడా ఊరలేదని వాళ్లు చెబితే, ఇప్పుడే ఏం తెలుస్తుంది, రేపు చూసి చెప్పమన్నాడు.

ఆ మర్నాడు పొద్దున సలోమి గొణుక్కుంటోంది. ఉతికిన దుప్పటి మీద నెత్తురు మరక. ఎక్కడిదా అని చూస్తే పేర్రాజు బొటనవేలిది. ఉగాది తర్వాత తెగిన వేలికి ఇప్పుడు నెత్తురు కారింది. దూది పెట్టి కట్టింది. నూకరత్నం ఆ కట్టును చూసి, ఏదో తోచి, మొగుడి దవడ మీద అరచెయ్యి పెట్టింది. తీసి, మళ్లీ పెట్టింది. వరండాలో వెళుతున్న సూర్యకళను పిలిచింది.

"ఇలా వచ్చి ఒకపాలి సూడండమ్మా."

సూర్యకళ వెళ్లి, మొహమాటపడి, వేళ్ల వెనక భాగంతో తాకింది. గరుగ్గా తగిలింది.

"ఇది మంచికేనాండి?" అంది నూకరత్నం.

పేర్రాజు కళ్లు మూసుకుని వింటున్నాడు. సూర్యకళకు స్కానులో అంకె గుర్తొచ్చింది, మచ్చ గుర్తొచ్చింది, ఆ పూటే పోయిన ఎలుకలు గుర్తొచ్చాయి. వాటిలో దేన్ని ఈ ప్రశ్నకు జవాబుగా ఇవ్వవచ్చో ఆలోచించింది. చెయ్యి ఇంకా అతని దవడ దగ్గరే ఉంది.

"గడ్డం పెరుగుతోందమ్మా," అంది.

అది ఆమెకు తెలుసు.